రాత్రయితే ఆగిపోయే వైఫై కెమెరా: కొత్తది కొనేముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ ఉద్యోగం బెంగళూరులో. అమ్మగారు, నాన్నగారు అమలాపురం దగ్గర పల్లెలో, చుట్టూ కొబ్బరి చెట్లున్న డాబా ఇంట్లో ఇద్దరే ఉంటున్నారు. ఫైబర్ నెట్ ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక వైఫై కెమెరా కొని, ఊళ్లో ఎలక్ట్రీషియన్ చేత గేటు స్తంభానికి పెట్టించారు. పగలంతా బాగానే కనిపిస్తోంది. చీకటి పడ్డాక ఆఫ్‌లైన్ అంటోంది. తెల్లారాక దానంతట అదే మళ్లీ వస్తోంది. షాపులో అడిగితే ఇంకా పెద్ద మోడల్ తీసుకోమన్నారు. ఏ మోడల్ కొనాలి, పెరట్లో కొబ్బరి రాశి దగ్గర రెండోది ఎలా పెట్టాలి అని అడిగారు.

ఇప్పుడే ఏ మోడలూ కొనకండి. నాది రాజోలు వైపు. మొదట్లో డిష్‌లు బిగించేవాణ్ణి, తర్వాత కేబుల్, గత పదేళ్లుగా కెమెరాలు. మన కోనసీమలో పాడైపోయిందని నా దగ్గరికి తెచ్చిన కెమెరాల్లో చాలావాటికి రోగం కెమెరాలో ఉండదు. కరెంటులోనో, సిగ్నల్లోనో, తడిలోనో ఉంటుంది. ఆ మూడూ సరిచెయ్యకుండా పది వేల కెమెరా పెట్టినా ఇప్పుడున్నదానిలాగే ఏడుస్తుంది.

మీరు రాసిన "పగలు బాగుంటుంది, రాత్రి పోతుంది" అన్న మాటతోనే నాకు సగం అర్థమైంది. చీకటి పడగానే కెమెరా లోపల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి. అవి మన కంటికి కనిపించవు, దగ్గరికెళ్తే కొన్నిటిలో ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయంతే. అవి వెలిగిన క్షణం నుంచి కెమెరా లాగే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. మీ అడాప్టర్ పంచలో ప్లగ్గుకి ఉంది, అక్కణ్ణుంచి గేటు దాకా సన్నటి యూఎస్‌బీ వైరు లాగారు అని రాశారు కదా. ముప్పై, ముప్పై అయిదు అడుగులు ఉంటుందనుకుందాం. అంటే 10 మీటర్లు. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ, మొత్తం 20 మీటర్ల సన్నటి రాగి. దాని నిరోధం సుమారు 1.7 ఓములు. పగలు కెమెరా 0.3 ఆంపియర్లు లాగితే దారిలోనే అర వోల్టు పోతుంది, కెమెరాకి నాలుగున్నర వోల్టులు చేరతాయి. ఎలాగో నెట్టుకొస్తుంది. రాత్రి 0.6 లాగితే ఒక వోల్టు పోతుంది. నాలుగు వోల్టులతో అది బతకదు. ఆరిపోతుంది, లేస్తుంది, ఎల్ఈడీలు వెలిగించుకోబోయి మళ్లీ ఆరిపోతుంది. తెల్లవార్లూ ఇదే పని. మీ ఫోనులో మాత్రం "ఆఫ్‌లైన్" అని కనిపిస్తుంది.

ఇందులో ఎలక్ట్రీషియన్‌ని తప్పుపట్టను. ఫ్యాన్లు, లైట్ల వైరింగు చేసేవాళ్లకి 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే లెక్కే లేదు. 5 వోల్టుల్లో ఒక వోల్టంటే ఐదో వంతు.

దీన్ని పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఊళ్లో కుర్రాడెవరి చేతనైనా కెమెరాని కిందికి దింపించండి. హాల్లో రౌటర్ పక్కన పెట్టి, డబ్బాలో వచ్చిన పొట్టి వైరుతో, డబ్బాలో వచ్చిన అడాప్టర్‌తోనే ఆన్ చెయ్యమని నాన్నగారికి చెప్పండి. రాత్రి హాల్లో లైట్లు తీసేసి అలాగే వదిలెయ్యమనండి. తెల్లారేదాకా ఆగకుండా పనిచేసిందంటే కెమెరా నిర్దోషి, గేటు దగ్గర కరెంటుదో సిగ్నల్‌దో తప్పు. అక్కడ కూడా ఆగిపోతే అడాప్టర్ మార్చి చూడాలి. అప్పటికీ ఆగిపోతేనే కెమెరాని అనుమానించాలి. అడాప్టర్ మీద "అవుట్‌పుట్" అన్న చోట 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది కూడా అంచునే ఉన్నట్టు. 2 ఆంపియర్లది పెట్టండి. ఎప్పుడో కొన్న ఫోను చార్జర్ మాత్రం పెట్టొద్దు.

కరెంటుదే తప్పని తేలితే పరిష్కారం సులువు. చిన్న వోల్టేజీని దూరం లాగకూడదు, పెద్ద వోల్టేజీని లాగాలి. గేటు దీపానికి ఎలాగూ 230 వోల్టుల లైను ఉంటుంది. ఆ స్తంభం మీద మూతున్న పీవీసీ బాక్సు ఒకటి పెట్టి, అందులో సాకెట్, అడాప్టర్ ఇరికించి, అక్కణ్ణుంచి అడుగున్నర వైరుతో కెమెరాకి ఇవ్వడమే. గేటు దీపం స్విచ్చి వెనకనుంచి మాత్రం తియ్యొద్దు. పొద్దున్నే అమ్మగారు అలవాటుగా లైటు ఆర్పేస్తారు, కెమెరా కూడా ఆరిపోతుంది. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు, నాలుగిళ్లలో చూశాను. ముసురు పట్టినప్పుడు గేటు స్తంభం అంతా చెమ్మగా ఉంటుంది కాబట్టి ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి, ఉందో లేదో చూపించుకోండి. ప్రాణం సంగతి అది, దాంట్లో పొదుపు వద్దు. గేటు దాకా 230 లాగడం కుదరని ఇల్లయితే 12 వోల్టుల కెమెరా తీసుకోవాలి. అదే దూరానికి అందులో పోయే అర వోల్టు దానికి లెక్కలోకి రాదు.

ఇక సిగ్నల్. మన ఇళ్లల్లో రౌటర్ ఎక్కడుంటుందో చూడకుండానే చెప్పగలను. హాల్లో టీవీ వెనక, చెక్క అరలో, పక్కన ఇనుప బీరువా ఉంటే ఇంకా బాగు. కేబుల్ అబ్బాయి టీవీ దాకా వైరు తెచ్చాడు కాబట్టి అక్కడ పెట్టేశాడు. వైఫై అలలు ఇనుముని దాటవు, తొమ్మిదంగుళాల గోడని దాటేసరికి సగం నీరసిస్తాయి. పాత మండువా లోగిళ్లయితే మరీ కష్టం. ఆ మట్టిగోడల మందానికి వీధి అరుగు మీదికే సిగ్నల్ రాదు. అందుకని ముందు రౌటర్‌ని అరలోంచి బయటికి తీసి, వీధివైపు గదిలో మనిషి ఎత్తు పైన పెట్టించండి. ఫైబర్ వైరు సన్నటి గాజు తీగ, మడిస్తే విరుగుతుంది. దాన్ని మీరు లాగకుండా ఆపరేటర్ చేతే జరిపించండి.

తర్వాత కొలత. ఫోనులో వైఫై అనలైజర్ లాంటి ఉచిత యాప్ ఒకటి వేసుకుని, గేటు దగ్గర కెమెరా ఉండే ఎత్తులో ఫోను పట్టుకుని, ఇంటి తలుపులు మూసి చూడాలి. యాప్ సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో (డీబీఎం) చూపిస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 60 లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 70 అంటే అంచున ఉన్నట్టు. మైనస్ 75 దాటితే అక్కడ కెమెరా పెట్టకండి, పెట్టి తిట్టుకోకండి. ఫోను యాంటెన్నాకి సరిపోయిన సిగ్నల్ కెమెరాకి సరిపోకపోవచ్చు కాబట్టి కాస్త మిగులు ఉంచుకోండి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. మలికిపురం దగ్గర ఒకాయన ఇంట్లో ఏప్రిల్‌లో కెమెరా పెట్టాను. మైనస్ 66, 67 ఉంది, బొమ్మ అద్దంలా ఉంది. జులైలో ఫోను. "ఏవండీ, వాన పడితే చాలు మీ కెమెరా పడుకుంటోందండీ" అని. వెళ్లి చూస్తే అదే చోట మైనస్ 76. ఏం మారింది? గేటుకీ ఇంటికీ మధ్య అరటి పిలకలు ఏప్రిల్‌లో మోకాలెత్తు ఉండేవి, జులైకి నా తల దాటాయి. దానికితోడు ఆకుల నిండా నీళ్లు. వైఫై అలల్ని నీళ్లు మింగేస్తాయి. పచ్చటి తడి ఆకంటే అలలకి గోడలాంటిదే. అప్పట్నుంచి మన వైపు ఎక్కడ కొలిచినా పది పాయింట్లు వర్షాకాలానికని పక్కన పెట్టి లెక్క వేస్తున్నాను. మీరు వేసవిలో కొలిస్తే మైనస్ 60 వచ్చేలా చూసుకోండి, ముసురులో 70 దగ్గర నిలబడుతుంది.

అంత రాకపోతే రెండు దారులు. సిగ్నల్‌ని సాగదీసే రిపీటర్ గోడకి గుచ్చడం ఒకటి. చవక, కానీ వచ్చిన సిగ్నల్‌నే మళ్లీ చెబుతుంది కాబట్టి బలహీనంగా వచ్చిన చోట పెడితే బలహీనంగానే చెబుతుంది. ఇంటికీ గేటుకీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. రెండోది, హాల్లోంచి పంచలోకి లాన్ కేబుల్ లాగి అక్కడ ఇంకో చిన్న రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే అక్కణ్ణుంచి కొత్తగా వైఫై ఇచ్చేదిగా, పెట్టడం. నాకు ఇదే ఇష్టం. ఒకసారి కష్టపడితే పదేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు. మీ కెమెరాకి లాన్ పోర్టు ఉంటే మరీ మంచిది, నేరుగా తీగే ఇచ్చేయొచ్చు. వైఫై కెమెరాకి తీగ ఇవ్వడమేంటని కొందరు మొహం పెడతారు. తీగకి ముసురు పట్టదు మరి.

జత చేసేటప్పుడు అందరూ చిక్కుకునేది ఒకటే. చాలా ఇంటి కెమెరాలకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. కొత్త రౌటర్లు 2.4, 5 రెండిటినీ ఒకే పేరుతో ఇస్తాయి. ఫోను 5 మీద ఉంటుంది, కెమెరా దాన్ని చూడలేదు, క్యూఆర్ కోడ్ ఎన్నిసార్లు చూపించినా "కనెక్షన్ విఫలమైంది" అంటుంది. రౌటర్ సెట్టింగులలోకి వెళ్లి రెండిటికీ వేరు వేరు పేర్లు పెట్టండి, 2.4 పేరుతోనే జత చెయ్యండి. కొన్ని పాత కెమెరాలకి డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి కూడా పడదు, డబ్ల్యూపీఏ2 పెట్టాలి. జత చేసే పని గేటెక్కి చెయ్యకుండా రౌటర్ పక్కన కూర్చుని పూర్తిచేసి, తర్వాత బిగించండి. టైమ్ జోన్ 5:30 ఉందో లేదో తప్పకుండా చూడండి. చైనా టైముతో వదిలేస్తే రెండున్నర గంటలు ముందుకి చూపిస్తుంది. రేపు ఏదైనా జరిగి పోలీసులకి చూపించాల్సివస్తే, రాత్రి పన్నెండుకి వచ్చిన దొంగ రెండున్నరకి వచ్చినట్టుంటుంది.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న: కెమెరా ఎవరి ఖాతాలో ఉంది? ఇది ఎవరూ అడగరు. బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోనులో, తన నంబరుతో యాప్ తెరిచి, జత చేసి, మీకు "షేర్" చేసి వెళ్లిపోతాడు. మీకు బొమ్మ కనిపిస్తోంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ కెమెరాకి యజమాని అతను. మీ ఇంటి గేటు ఎప్పుడు తీస్తున్నారో, ఎవరు వస్తున్నారో అతని ఫోనులో కూడా కనిపిస్తూ ఉంటుంది. అతనికి దురుద్దేశం లేకపోవచ్చు, మన బంధువుల అబ్బాయే కావచ్చు. రేపు అతను ఫోను అమ్మేస్తే? యాప్‌లో "డివైస్ షేరింగ్" దగ్గర చూడండి. మీరు ఓనరా, అతిథా అన్నది తెలుస్తుంది. అతిథి అయితే అతని చేత డిలీట్ చేయించి, కెమెరా మీద రీసెట్ బటన్ పదిసెకన్లు నొక్కి, మీ నంబరుతో మొదట్నుంచీ జత చెయ్యండి. చాలా కంపెనీల కెమెరాలకి రీసెట్ ఒక్కటీ సరిపోదు, పాత ఖాతాలోంచి తీసేస్తేనే కొత్త ఖాతాకి ఒప్పుకుంటాయి. ఆ తర్వాత నాన్నగారికి మీరు షేర్ చెయ్యండి.

పాస్‌వర్డ్ మీ పుట్టినరోజు, ఫోను నంబరు కాకుండా పెట్టండి, ఓటీపీతో లాగిన్ అయ్యే రెండంచెల రక్షణ ఉంటే పెట్టుకోండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. దానికి గొప్ప తెలివేం అక్కర్లేకపోయింది. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటే ప్రయత్నించి చూసిందంతే. కెమెరాదే కాదు, మీ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా డబ్బా వెనక ముద్రించిందే ఉండి ఉంటుంది. ఈ పూటే మార్చండి. యాప్ అప్‌డేట్ అడిగితే ఒప్పుకోండి, వాయిదా వెయ్యకండి.

ఎక్కడ బిగించాలన్నది మనిషి మొహం కోసమా, కదలిక కోసమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరూ డాబా పైన ఎత్తుగా పెట్టి ఊరంతా కనిపిస్తోందని మురుస్తారు. ఊరంతా కనిపిస్తుంది, మొహాలు కనిపించవు, నడినెత్తులు కనిపిస్తాయి. 2.8 మిల్లీమీటర్ల లెన్సుతో అయిదారు మీటర్లు దాటితే మొహం పోల్చుకోవడం కష్టం. గేటు మీద ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో, కొంచెం కిందికి వంచి పెట్టండి. పడమటి ముఖం గేటయితే సాయంత్రం ఎండ లెన్సులో పడి మనుషులు నల్లటి బొమ్మల్లా కనిపిస్తారు. సజ్జ కింద పెట్టి పక్కకి తిప్పండి. వైరు కెమెరాలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు వదలండి. వాన నీళ్లు వైరు వెంట జారి ఆ వంపు దగ్గర కింద పడిపోతాయి, లోపలికి పోవు. దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే ఐపీ66 అంకె డబ్బా మీద ఉన్నా, వైరు కలిసే జాయింటు బయట వేలాడుతుంటే ఆ అంకె ఉపయోగపడదు. జాయింటుని బాక్సు లోపలికి నెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరి ఇళ్లల్లో ఉప్పుగాలికి మామూలు స్క్రూలు రెండేళ్లు తిరక్కుండానే తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి కొనండి, తేడా పది రూపాయలు కూడా ఉండదు.

రాత్రి అలర్ట్‌ల బాధ ఒకటుంది. మొదటి వారం ఫోను మోగిన ప్రతిసారీ లేచి చూస్తారు, రెండో వారం విసుక్కుంటారు, మూడో వారం నోటిఫికేషన్లు ఆపేస్తారు. అప్పుడు కెమెరా ఉన్నా లేనట్టే. మన వైపు దీనికి మొదటి ముద్దాయి సాలీడు. రాత్రి గేటు దీపానికి పురుగులు వస్తాయి, వాటికోసం సాలీడు సరిగ్గా లెన్సు ముందు గూడు కడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఆ దారాలు తెల్లగా మెరుస్తూ గాలికి ఊగుతాయి. కెమెరా దృష్టిలో అది కదలికే. రెండో ముద్దాయి కొబ్బరాకు నీడ. యాప్‌లో "మనిషి గుర్తింపు" ఉంటే అది మాత్రమే ఆన్ చెయ్యండి, కదలికని చూసే ప్రాంతాన్ని గేటు, నడవ వరకే గీయండి, ఆకులు, రోడ్డు బయట వదిలెయ్యండి. పదిహేను రోజులకోసారి గుడ్డ చుట్టిన కర్రతో లెన్సు చుట్టూ తుడవమని నాన్నగారికి చెప్పండి. ముదిరిన అభిమానంతో లెన్సు మీద గట్టిగా రుద్దొద్దనీ చెప్పండి.

ఇక కెమెరా ఇంట్లో పెట్టాలా? మీరు అడగలేదు, అయినా చెబుతాను. బయట పెట్టండి, పంచ దాకా రండి, గడప దాటొద్దు. ముక్తేశ్వరం వైపు ఒక ఇంట్లో దుబాయ్‌లో ఉన్న అబ్బాయి హాల్లో కూడా పెట్టమన్నాడు. పెట్టి వచ్చాను. పది రోజుల తర్వాత వాళ్లమ్మగారు ఫోను చేసి, "బాబూ, ఆ కంటికి గుడ్డ కప్పేసేనయ్యా, చీర నలిగినా వాడు చూస్తన్నాడేమో అనిపిస్తంది" అన్నారు. ఆవిడ ఇంట్లో ఆవిడకే మొహమాటం తెచ్చిపెట్టాం ఇద్దరం కలిసి. తీసేశాను. పక్కింటివాళ్ల నీళ్ల పంపు, స్నానాల దొడ్డి కెమెరాలో పడకుండా కూడా చూసుకోండి. యాప్‌లో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ మాస్క్ ఉంటుంది. ఒకరి ఒళ్లు వాళ్లకి తెలియకుండా చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. అంతదాకా పోకుండానే పల్లెలో ఇరుగుపొరుగు మాటలు ఆగిపోతాయి.

రికార్డింగుకి మెమరీ కార్డు వెయ్యండి, క్లౌడ్ తర్వాత చూద్దాం. లెక్క ఇది. 1080పీ కెమెరా హెచ్.264లో (వీడియోని కుదించే పద్ధతి, హెచ్.265 దానికంటే కొత్తది) సుమారు 2 ఎంబీపీఎస్ తీసుకుంటుంది. అంటే గంటకి 900 ఎంబీ, రోజుకి 21.6 జీబీ. 128 జీబీ కార్డు ఆరు రోజులు వస్తుంది. హెచ్.265 అయితే అందులో సగంతో సరిపోతుంది కాబట్టి పన్నెండు రోజులు. నిండాక పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ఫోనులకి వాడే మామూలు కార్డు ఇలా రాత్రింబవళ్లు రాయించుకుంటే ఏడాదికే చచ్చిపోతుంది, మీకు ఆ సంగతి దొంగతనం జరిగాక తెలుస్తుంది. "హై ఎండ్యూరెన్స్" అని రాసి ఉన్నది కొనండి, బజార్లో సగం ధరకి దొరికే నకిలీవి వద్దు, ఫార్మాట్ కెమెరాలోనే చెయ్యండి.

కార్డు ఎందుకు ముఖ్యమంటే నెట్ పోయినా అది రాస్తూనే ఉంటుంది. మన దగ్గర నెట్ పోవడానికి కారణాలకి కొదవ లేదు. 2022 మేలో అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. తుపాను వస్తే కొబ్బరి చెట్టు పడి ఫైబర్ తెగుతుంది. అలాంటి రోజుల్లో బెంగళూరులో ఉన్న మీకు బొమ్మ రాదు. కానీ ఏం జరిగిందో కార్డులో ఉంటుంది. దీనికి లొసుగు ఒకటుంది: కెమెరాని ఊడబెరుక్కుపోతే కార్డు కూడా పోతుంది. అందుకే చేతికందని ఎత్తు. మరీ భయముంటే అలర్ట్ క్లిప్పుల వరకు క్లౌడ్ తీసుకోండి.

కరెంటు పోయినప్పటి మాట. ఇన్వర్టర్ ఉందని నిశ్చింతగా ఉండకండి, రౌటర్ పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందా లేదా చూడండి. చాలా ఇళ్లల్లో ఇన్వర్టర్ లైట్లకీ ఫ్యాన్లకే ఇస్తారు, టీవీ ప్లగ్గుకి ఇవ్వరు. రౌటర్ వరకైతే వెయ్యి రూపాయల పైచిలుకులో వచ్చే 12 వోల్టుల మినీ యూపీఎస్ రెండు మూడు గంటలు లాగుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేది తీసుకోండి. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరు వేరుగా ఉంటే రెండిటికీ ఇవ్వాలి, ఒకదానికే ఇస్తే లాభం లేదు. మీది లంక ఊరో, ఏటిగట్టు పక్క ఇల్లో అయితే అడాప్టర్లు, సాకెట్లు నడుమెత్తు పైనే పెట్టించండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారని మీకు తెలిసిందే. రెండోది వినగానే పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు కెమెరా లైను మెయిన్ దగ్గరే ఆపేయడం మంచిది. నీళ్లు వచ్చాక బొమ్మ చూద్దామని ఎవరూ తడి స్విచ్చి ముట్టుకోకూడదు.

కొబ్బరి రాశి దగ్గర రెండో కెమెరా సంగతి. ఇంటినుంచి ఎంత దూరమో మీరు రాయలేదు. యాభై, అరవై అడుగుల లోపయితే పైన చెప్పినట్టు లాన్ కేబుల్ దారి చూడండి. అంతకు మించితే వైఫైని తోటలోకి ఈడ్చొద్దు, సిమ్ వేసే 4జీ కెమెరా తీసుకోండి. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల మోటార్లు, మేత బస్తాలు పోతున్నాయని ఇప్పుడు అందరూ పెట్టేవి అవే. దానికి రోజుకి 1.5 జీబీ ప్యాకు వేస్తే లైవ్ చూడటం మొదలుపెట్టిన గంటా నలభై నిమిషాలకి డేటా అయిపోతుంది. రికార్డింగు కార్డులోకే పోనిచ్చి, అలర్ట్ వస్తేనే తెరవండి.

సోలార్ ప్యానెల్ ఉన్నది చూసి మురిసి కొనేవాళ్లకి ఒక మాట. కొబ్బరి తోటలో నేలకి ఎండ ఎక్కడిది? చెట్టు నీడ ఒక మూల పడినా చిన్న ప్యానెల్ ఇచ్చేది బాగా పడిపోతుంది. పైగా ఆషాఢ శ్రావణాల్లో వారాలకి వారాలు మబ్బు. చెరువు గట్టు మీద బ్రహ్మాండంగా నడిచిన సోలార్ కెమెరా తోటలో నాలుగో రోజుకి పడుకుంటుంది. ప్యానెల్ విడిగా, పొడుగు వైరుతో వచ్చేది తీసుకుని పాక మీదో, మకాం కప్పు మీదో ఎండ తగిలే చోట పెట్టండి. బ్యాటరీ కెమెరాలు ఆగకుండా రికార్డు చెయ్యవు, మనిషి వేడి తగిలితే నిద్ర లేస్తాయి. ఆ వేడిని పట్టేది ఎనిమిది, పది మీటర్ల లోపే. కాబట్టి రాశికి దగ్గరగా పెట్టాలి. కొబ్బరి చెట్టుకి మాత్రం బిగించకండి. దింపు తీసేవాళ్లు ఎక్కేటప్పుడు తాడు తగులుతుంది, వాళ్లు జాగ్రత్తపడినా కాయ జాగ్రత్తపడదు. పైనుంచి ఒక్క కాయ పడితే కెమెరా ఉండదు. నేను చూసినదాంట్లో బ్రాకెట్టు మాత్రం మిగిలింది.

ఒకవేళ ఈ పరీక్షలన్నీ అయ్యాక కొత్తది కొనాల్సే వస్తే, 3 మెగాపిక్సెల్ చాలు. హెచ్.265, ఐపీ66, లాన్ పోర్టు, 12 వోల్టులు, కార్డు స్లాటు, ఇవి చూడండి. 8 మెగాపిక్సెల్ అని ఊరిస్తారు, మన పల్లె సిగ్నల్‌కి అది ఎడ్లబండికి కట్టిన లారీ చక్రం. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు పాసవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, నంబరు చూసి, బిల్లుతో కొనండి. పాత సరుకు తక్కువకి ఇస్తామంటే ఎందుకు ఇస్తున్నారో అడగండి.

అమ్మానాన్నల్ని మీ దగ్గరికి తీసుకెళ్లి ఇల్లు తాళం పెట్టే రోజుల కోసం ఇంకొకటుంది. మన రాష్ట్ర పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ల నిఘా. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్లే ముందు అడిగితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, ఎవరైనా దూరితే వాళ్లకి అలర్ట్ వెళ్తుంది. స్టేషన్‌లో అడిగి చూడండి. మీ కెమెరాలోనే ఏదైనా పడితే మాత్రం ఫోనులో స్క్రీన్ రికార్డు చేసి వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. కార్డు బయటికి తీసి అలాగే దాచండి, దాని బదులు కొత్త కార్డు వెయ్యండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద ఆ వీడియోకి సర్టిఫికెట్ కావాలి, అసలు కార్డు చేతిలో ఉంటే ఆ పని తేలిక.

ఇప్పటికి మీరు చెయ్యాల్సింది ఆ హాలు పరీక్ష ఒక్కటే. నాన్నగారికి నిచ్చెన ఎక్కే పని పెట్టకండి, ఊళ్లో కుర్రాణ్ణెవరినైనా పిలిపించండి. రాత్రి ఎన్ని గంటలకి ఆగిందో, అసలు ఆగిందో లేదో రాయండి. దాంతోపాటు అడాప్టర్ మీద "అవుట్‌పుట్" అని ఉన్న వరుస, గేటు దగ్గర తీసిన సిగ్నల్ అంకె, పంచ నుంచి గేటుకి ఎన్ని అడుగులో, పెరట్లో రాశి ఎంత దూరమో కూడా. అవి చూశాక ఏ బాక్సు, ఎంత మందం వైరు కావాలో చెబుతాను.